వయ్యారిభామను మేయు మెక్సికో పెంకుపురుగు

విద్యార్థులారా! శంషాబాదునుండి విమానాశ్రయమునకు పోవు మార్గమున మీలో ననేకులు ప్రతిదినమును వచ్చుచు పోవుచుందురు. ఆ మార్గమున కిరుప్రక్కలను, ఇండ్ల స్థలములుగా విభజింపబడి హద్దురాళ్లు పాతబడి యూరక పడియున్న బీళ్లయందును, మురుగుకాలువల గట్లపైనను, మన పాఠశాల ప్రహరీగోడ వెనుకను, క్యారెట్టు ఆకును బోలిన ఆకులును చిన్నచిన్న తెల్లని పూలును గల మొక్క యొకటి మోకాలి యెత్తున, కొన్నిచోట్ల నడుమెత్తున నిండియుండుట మీరు చూచియే యుందురు. దానిని వయ్యారిభామ యందురు. కాంగ్రెస్ గడ్డి యనియు, క్యారెట్టు గడ్డి యనియు గూడ వాడుక కలదు. శాస్త్రజ్ఞులు దీనికి పార్థీనియం హిస్టెరోఫోరస్ అని పేరిడిరి. పార్థీనియమను మాట గ్రీకు భాషలో కన్య యను నర్థముగల పదమునకు సంబంధించినదందురు. వారు కన్య యనిరి, మనవారు భామ యనిరి. దానిని చేతులతో పెరికి దద్దుర్లు తెచ్చుకొన్నవారు మాత్ర మీ రెండు పేరులును ఒప్పుకొనరు.

గత సంవత్సరము సెప్టెంబరు మాసమున పాఠశాల మైదానమును బాగుచేయ సంకల్పించి, తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని ఈ మొక్కను పెరికించితిని. రెండు దినములలో గోడమూల నొక పెద్ద కుప్ప యయ్యెను. మూడవనాడు దానికి నిప్పంటించితిమి. మంట రాజుకొనుచుండగా కుప్పనుండి గోధుమరంగు చారలు గల తెల్లని చిన్న పెంకుపురుగులు వందలకొలది వెలికి ప్రాకుట కనబడెను. కొన్ని యెగిరిపోయెను, పెక్కులు మాడిపోయెను. అప్పుడొక బాలుడు, "సార్, ఇవి మనకంటె ముందే ఈ మొక్కను తినుచున్నవి గదా! వీనిని కూడ ఏల కాల్చితిమి?" అని యడిగెను. పెరికిన మొక్కలను నేను దగ్గరగా చూడనేలేదు. చూచియుండిన యెడల వానిలో సగమునకు ఆకులే లేవని తెలిసియుండెడిది. ఆనాడు నే నా బాలునికి సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ యుత్తరమే. ఒక సంవత్స రమాలస్యముగా నిచ్చుచున్నాను.

ముందు మొక్క సంగతి కొంత తెలిసికొనవలెను. వయ్యారిభామ మన దేశమునకు చెందినది కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో మొదలగు అమెరికా ఖండపు ఉష్ణదేశములు. మన దేశమున 1955 వ సంవత్సరమున పూనా నగరమున దానిని గుర్తించిరి. అమెరికానుండి దిగుమతియైన గోధుమలతో దాని విత్తనములు వచ్చినవని లోకవాడుక. బైబిలు తరగతిలో గోధుమలలో గురుగుల యుపమానమును చదివిన మీకు ఈ కథ వింతగా తోచదు. ఐతే, అంతకు పూర్వమే, పందొమ్మిదవ శతాబ్దమునందే, మన దేశమున సేకరింపబడిన నమూనా యొకటి డెహ్రాడూనునందలి అరణ్య పరిశోధన సంస్థలో నున్నదని వృక్షశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. కాబట్టి గోధుమల బస్తా మొదటి ద్వారము కాకపోవచ్చును. ద్వారమును పెద్దది చేసియుండవచ్చును. ఎట్లు వచ్చినను, 1955 తరువాత కొలది దశాబ్దములలో నది దేశమంతటను వ్యాపించెను.

ఇంత త్వరగా వ్యాపించుటకు కారణము లేకపోలేదు. ఒక్కొక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు విత్తనములను కాయును. అవి నల్లని సన్నని పొడివలె తేలికయైనవి. గాలితో పోవును, వాననీటితో పోవును, ఎద్దు గిట్టకును, లారీ చక్రమునకును అంటిన బురదతో పోవును, మట్టి, కంకర, పశువుల ఎరువు తోలినచోట వానితో దిగును. మొలచిన నాలుగు వారములకే, చిన్న మొక్కగా నుండగనే, పూయగలదు; నీరు దొరకిన నేడాది పొడవునను మొలచును. దీని వేళ్లనుండియు, రాలిన ఆకులనుండియు వెలువడు పదార్థములు ప్రక్క మొక్కల విత్తనములను మొలకెత్తనీయవు. దీనియందు పార్థెనిన్ అను చేదు విషపదార్థము కలదు. అందుచే పశువులు దీనిని ముట్టవు. ఆకలిచే తినిన గేదె పాలు చేదగును. దీనిని తాకినవారిలో కొందరికి చర్మము ఎఱ్ఱబడి, దురదపెట్టి, నీరుకారును. పుప్పొడి గాలిలో తేలి కొందరికి తుమ్ములును, ఉబ్బసమును కలిగించును. ఇంతటి దానిని, ఆకు అందముగా నున్నదని, పెండ్లిండ్లలో నిచ్చు పూలగుత్తులలో చుట్టుటకు వాడుట నేను స్వయముగా చూచితిని. ఎవరికి ఏమి చెప్పగలము!

ఇక మన శంషాబాదు ప్రాంతమున నిది యింత దట్టముగా నుండుటకు వేరొక హేతువు గలదు. వయ్యారిభామ అడవిలో చొరబడదు. పచ్చగడ్డి దట్టముగా నున్నచోట దానికి చోటు దొరకదు. మన్ను త్రవ్వి తిరుగవేసి, ఏమియు విత్తక వదలిన నేలయే దానికి స్వర్గము. 2008 వ సంవత్సరము మార్చి మాసమున రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇచ్చట ప్రారంభమయ్యెను. దానికై సేకరింపబడిన భూమి 5,000 ఎకరములకు పైబడినది. దాని వెంట బాహ్య వలయ రహదారి, కొత్త దారులు, గిడ్డంగులు, ఇండ్ల స్థలములు వచ్చెను. పూర్వము జొన్నయు, కందియు పండిన చెల్కలు అమ్ముడుపోయి, కొన్నవారు ఇల్లు కట్టక, అమ్మినవారు దున్నక, ఏండ్ల తరబడి పడియున్నవి. నాగలి దిగనినేల వయ్యారిభామకు దక్కెను. దీనికి విమానాశ్రయమును నిందించుట నా యుద్దేశము కాదు. నేల యూరకుండదని మాత్రమే చెప్పుచున్నాను.

మెక్సికోలో నీ మొక్క యింత విచ్చలవిడిగా పెరుగదు. అచ్చట దాని ఆకులు తినునవి, కాడలు తొలుచునవి, దానికి తెగులు పుట్టించునవి పెక్కులు కలవు. విత్తనము సముద్రము దాటి వచ్చినప్పుడు ఈ శత్రువులు దానితో రాలేదు. కావున ఆ శత్రువులలో నొకదానిని వెదకి తెచ్చి విడిచిన యెడల మొక్క యదుపులోనికి వచ్చునను ఆలోచన పుట్టినది. దీనినే జీవనియంత్రణ మందురు. ఇది క్రొత్త విద్య కాదు. మన దేశమునకు మొదలే కాదు.

మీ తాతముత్తాతల కాలమున దక్షిణాదిని నాగజెముడు బాధ యెట్టిదో పెద్దలు చెప్పగా విని యుందురు. ఆ జాతియు అమెరికాదే. దాని కథ చిత్రమైనది. 1795 వ సంవత్సరమున ఎఱ్ఱరంగునిచ్చు కోచినీలు పురుగులను పెంచి లాభము గడింపవలెనని బ్రెజిలు దేశమునుండి బంగాళమునకు పురుగులను తెచ్చిరి. తెచ్చినవి మేలిరంగు నిచ్చు జాతి కాదు. పొరపాటున వేరొక జాతిని తెచ్చిరి. రంగు వ్యాపారము సాగలేదు గాని, ఆ పురుగు ఒక జాతి జెముడుమొక్కలను ఉత్తరదేశమున తినివేసెను. ఆ ఫలితమును గాంచి 1836-38 ప్రాంతమున దక్షిణదేశమునకు గూడ దానిని తెచ్చిరి. కాని మన నాగజెముడు వేరుజాతిది. ఆ పురుగు దానిని ముట్టలేదు. 1926 లో సింహళమునుండి మరియొక జాతి కోచినీలు పురుగును మదరాసు రాజధానికి తెచ్చిన తరువాతనే నాగజెముడు కొలది యేండ్లలో క్షీణించెను. ఇందు గమనింపవలసినదేమనగా, మన కంటికి రెండు జెముళ్లును ఒక్కటిగనే కనబడును. రెండు పురుగులును ఒక్కటిగనే కనబడును. పురుగునకు మాత్రము తన మొక్క యేదో తెలియును. ఆ యెరుకమీదనే ఈ విద్య యంతయు నిలిచియున్నది.

ఆ యెరుక తప్పిన నేమగును? దానికిని ఉదాహరణ కలదు. అమెరికాలో కొలరాడో పెంకుపురుగు అనునది అడవిలో నొక ముండ్ల వంగజాతి మొక్కను తినుచు ఎవరికిని తెలియక బ్రదుకుచుండెడిది. వలసవచ్చిన కాపులు ఆ ప్రాంతమున బంగాళాదుంప నాటిరి. దుంపమొక్కయు వంగ కుటుంబమునకు చెందినదే. 1859 నాటికి పురుగు దుంపచేల మీద పడెను. తరువాత ఐరోపాఖండమునకు గూడ పాకి నేటికిని రైతులను ఏడిపించుచున్నది. మన పాఠములోని పెంకుపురుగు ఈ కొలరాడో పురుగునకు దగ్గరి చుట్టము. కావున మెక్సికోనుండి దానిని తెచ్చుటకు ముందు శాస్త్రజ్ఞులు భయపడిరన్న నది పిరికితనము కాదు.

ఈ పురుగు పేరు జైగోగ్రామా బైకలరేటా. బైకలరేటా యనగా రెండు రంగులది యని యర్థము. ఆకులను తిను పెంకుపురుగుల కుటుంబములో నిది చేరినది. 1980 లో ఆస్ట్రేలియా ఖండపు క్వీన్స్‌లాండు రాష్ట్రమున దీనిని విడిచిరి. మన దేశమునకు 1983 లో మెక్సికోనుండి బెంగుళూరునకు తెచ్చిరి. తెచ్చిన వెంటనే పొలములో విడువలేదు. గాలి చొచ్చునే గాని పురుగు వెలికి పోజాలని నిర్బంధశాలలో నుంచి దానికి పరీక్ష పెట్టిరి. కె. పి. జయంత్, సుధా నాగర్కట్టి యను శాస్త్రజ్ఞులు 27 కుటుంబములకు చెందిన 40 జాతుల మొక్కలను దాని ముందుంచి చూచిరి. పరీక్ష రెండు విధములుగ నుండును. ఒక విధమున వయ్యారిభామతో పాటు ఇతర మొక్కలను గూడ నుంచి, ఏది కోరునో చూతురు. రెండవది కఠినమైనది: వయ్యారిభామను తీసివేసి, వేరొక మొక్కనే యుంచి, "తినుము, లేక చావుము" అన్నట్లు పురుగును బంధింతురు. ఆకలిగొన్న పురుగు చావనైన చచ్చును గాని ఆ మొక్కపై బ్రదికి పిల్లలను పెంచజాలదని తేలిననే దానిని నమ్ముదురు. మన పరీక్షలలో రెండవ విధపు ప్రశ్న లేకపోవుట మీ యదృష్టము.

పరీక్షలో నెగ్గిన పిమ్మట 1984 వ సంవత్సరము ఆగస్టు మాసమున బెంగుళూరులో దానిని బయట విడిచిరి. విడిచిన వెంటనే అద్భుత మేమియు జరుగలేదు. మూడు నాలుగేండ్లు పురుగులు అక్కడక్కడ కనబడుచు నుండెను, అంతియే. 1988 నాటికి వాని సంఖ్య యొక్కమారుగా పెరిగి, వయ్యారిభామ బీళ్లు ఈనెలు మాత్రము మిగిలి నిలిచెను. ఆకులు పోయినచోట్ల వెలుతురు నేలకు తగిలి, అణగియున్న గడ్డియు, నాటు మొక్కలును తిరిగి మొలచెను. తరువాత ఈ పురుగు కొంత తానుగ, కొంత మనుష్యులు తీసికొనిపోయి విడుచుటచేతను, దక్షిణదేశమునను, మహారాష్ట్రము, మధ్యప్రదేశములందును, ఉత్తరమున పంజాబువరకును వ్యాపించెను. దేశపు సరిహద్దులు దాటి పాకిస్థానము, నేపాళములందును కనబడెను. మన మైదానమునకు దానిని నేను తేలేదు, మీరు తేలేదు, అదియే వచ్చినది.

ఇక దాని చరిత్రమును వినుడు. పురుగు పొడవు అరసెంటీమీటరునకు కొంచె మెక్కువ. తల గోధుమరంగు. రెక్కపెంకులు మీగడ రంగున నుండి వానిపై ముదురు గోధుమరంగు చారలు వంకరటింకరగా నిలువున నుండును. ఆడుది మగదానికంటె కొంచెము పెద్దది. ఆకు అడుగుభాగమున ఒక్కొక్కటిగ గాని, కొలదిపాటి గుంపులుగ గాని గ్రుడ్లు పెట్టును. తన జీవితకాలమున వేయికి పైగా పెట్టగలదు. గ్రుడ్డు మొదట లేతపసుపు, తరువాత నారింజరంగు. నాలుగారు దినములకు పగిలి డింభకము వెలువడును. ఈ చిన్న డింభకము చేయుపని మనకు మిక్కిలి యుపకారము. అది ముదురాకుల జోలికి పోక, కొనమొగ్గలలోను, కణుపుల చిగుళ్లలోను దూరి తినును. పూవు పుట్టవలసిన చోటే తినివేయబడుటచే పూవు రాదు. పూవు లేనిది విత్తనము లేదు. కొంత పెరిగిన పిమ్మట ఆకులమీదికి వచ్చును. నాలుగు దశలలో పది పదునైదు దినములు పెరిగి, మొక్కను విడిచి నేలలోనికి దిగి, మట్టిలో ప్యూపాగా మారును. మరి పది పండ్రెండు దినములకు రెక్కలతో వెలికి వచ్చును. గ్రుడ్డునుండి పురుగువరకు ఇంచుమించుగ నొక నెల పట్టును. పెద్దపురుగును ఆకులనే తినును. కావున నొక వానకాలములో మూడు నాలుగు తరములు గడచును.

వానలు వెనుకబట్టి నేల యెండ నారంభింపగనే పురుగులు మట్టిలో దూరి నిద్రించును. ఇంచుమించుగ డిసెంబరునుండి మే వరకు తిండి లేదు, కదలిక లేదు. తొలకరి జల్లులు నేలలోనికి ఇంకినప్పుడు మేలుకొని వెలికి వచ్చును. ఆరుద్ర కార్తెలో ఎఱ్ఱని మఖ్మలు గుడ్డవంటి ఆరుద్రపురుగులు నేలనుండి పుట్టినట్లు బయలుదేరుట మీరెరుగుదురు. ఇదియు నట్లే వాననే గడియారముగా పెట్టుకొన్న జీవి. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో దాని బలము మిక్కుటముగ నుండును. గత సంవత్సరము నేను మంట పెట్టినది సరిగ్గా ఉత్తర కార్తెలోనే!

ఈ పురుగును గూర్చి జరిగిన పెద్ద తగవును చెప్పక విడువరాదు. ఈ పాఠమున నాకు మిక్కిలి ఇష్టమైన భాగము అదియే. 1991 ప్రాంతమున బెంగుళూరు పరిసరములందు కొన్ని ప్రొద్దుతిరుగుడు చేలలో నీ పెంకుపురుగులు ఆకులు తినుచుండుట రైతులు చూచిరి. ప్రొద్దుతిరుగుడు నూనెగింజ పంట. దానిమీద నెందరి బ్రదుకో ఆధారపడియున్నది. పైగా వయ్యారిభామయు ప్రొద్దుతిరుగుడును ఒక్క కుటుంబపు మొక్కలే. దుంపచేల మీదపడిన కొలరాడో పురుగు కథయే తిరిగి జరుగుచున్నదా యని యందరును కలవరపడిరి. పత్రికలలో వాదములు చెలరేగెను. ప్రభుత్వము విచారణ సంఘము నొకదానిని నియమించెను. పురుగును క్రొత్తచోట్ల విడుచుట నిలుపబడెను.

రైతు చెప్పినది అబద్ధము కాదు. పురుగు తినుట కంటికి కనబడిన సంగతి. శాస్త్రజ్ఞులు చెప్పినదియు అబద్ధము కాదు. నిర్బంధశాలలో నది ప్రొద్దుతిరుగుడును ఆశ్రయింపలేదు. రెండును నిజములే యైన యెడల నడుమ నేదియో మూడవది యుండవలెను. ఆ మూడవది పుప్పొడి. ప్రొద్దుతిరుగుడు చేను చుట్టును వయ్యారిభామ దట్టముగ పూచియున్నప్పుడు దాని పుప్పొడి గాలికి లేచి చేనిలోని ఆకులమీద దుమ్మువలె పడును. పెంకుపురుగు ఆకును కంటితో చూచి గుర్తింపదు. రుచిచేతను వాసనచేతను గుర్తించును. పుప్పొడి పడిన ఆకు దానికి వయ్యారిభామవలెనే తోచును, కొరుకును. పుప్పొడి లేని శుభ్రమైన ఆకు నుంచి చూడగా నట్లు తినలేదు. జయంత్ మొదలగువారు దీనిని ప్రయోగపూర్వకముగ నిరూపించిరి. కేవలము ప్రొద్దుతిరుగుడు నాశ్రయించి తరతరములుగా బ్రదుకజాలదనియు తేలెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి ఆంక్ష తొలగెను. నిర్బంధశాలలో గాలియు, పూచిన బీడును లేవు. అందుచే నక్కడి పరీక్షలో ఈ సంగతి బయటపడలేదు. పొలమునందు రెండును కలవు. మీరు ప్రయోగశాలలో నొక ఫలితమును పొంది, బయట వేరొక దానిని చూచునప్పుడు రెంటిలో నొకటి తప్పని తొందరపడకుడు.

నాకు తోచినంతవరకు, నేరము పురుగుది కాదు, చేని గట్టుమీద పూయనిచ్చిన వయ్యారిభామది. ఐనను ఆనాడు భయపడిన రైతును తెలివితక్కువవానిగ నెంచువారితో నేనేకీభవింపను. అతడు ప్రశ్నింపనిచో పుప్పొడి సంగతి యెవరికిని తెలియకపోయెడిది.

ఇంతటి పురుగు ఉండగా వయ్యారిభామ యింకను ఏల నశింపలేదని మీరడుగవచ్చును. నశింపదు. పురుగు వానకాలపు కూలి. మొక్క ఏడాది పొడవున పెరుగును. చలికాలమున మురుగుకాలువల ప్రక్కను, నీరు కట్టిన తోటల గట్లమీదను వయ్యారిభామ నిశ్చింతగా పూచి కాయును. అప్పుడు దాని శత్రువు మట్టిలో నిద్రించుచుండును. తొలకరి ఆలస్యమైన యేట పురుగును ఆలస్యముగ లేచును. ఈలోపల మొక్క పూయును. ఆకులన్నియు పోయిన మొక్కయు వేరు బ్రదికియున్న తిరిగి చిగిర్చును. నేలలో నిలువయున్న విత్తనములు ఏండ్ల తరబడి మొలకెత్తు శక్తిని కోల్పోవు. అంతేకాక, పురుగునకు మొక్కను రూపుమాపుట హితము కాదు. మొక్క లేనిది తానును లేదు. తెచ్చినవారును దానిని ఉన్మూలనమునకు తేలేదు, అదుపునకు తెచ్చిరి. మిగిలిన పని మన చేతులదే.

ఆ చేతిపని యెట్లు చేయవలెనో గత సంవత్సరము నాకు తెలియలేదు. జబల్పూరునందలి కలుపు మొక్కల పరిశోధన సంస్థ ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతటను వయ్యారిభామను గూర్చిన వారోత్సవమును జరుపుచున్నది. మఖ కార్తె ప్రవేశించు దినములవి. నేల తడిసియుండును, మొక్క వేరుతో సహా వచ్చును, ఇంకను పెక్కు మొక్కలు పూయవు. పెరుకుటకు తగిన సమయము అదియే. సెప్టెంబరు చివర కాదు. పూచిన మొక్కను పెరికినచో విత్తనములను మనమే చల్లినట్లగును, పుప్పొడిని మనమే పీల్చినట్లగును. చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ యుండవలెను. ఒకమారు దద్దుర్లు వచ్చిన వారికి మరల తాకిన మరింత తీవ్రముగ వచ్చును. కాన నట్టివారి నీ పనికి పిలువను. గత సంవత్సరము ముగ్గురు పిల్లల చేతులు వారము దినములు మానలేదు. ఆ సంగతి తలచినప్పుడెల్ల నాకు సిగ్గగుచున్నది.

పెరుకుటకు ముందు మొక్కను త్రిప్పి చూడవలెను. చిగురున చిల్లులు, ఆకు అడుగున నారింజరంగు గ్రుడ్లు, కణుపులలో డింభకములు ఉన్న యెడల ఆ మొక్కను ముట్టరాదు. అవి లేనిచోటనే పెరుకవలెను. ఒకచోట పురుగులు మిక్కుటముగ నుండి వేరొకచోట లేనిచో పెద్దపురుగులను సీసాలో పట్టి అయిదువందలనుండి వేయివరకు ఒక్కచోటనే విడువవలెను. పదేసి పదేసి చొప్పున పలుచోట్ల చల్లిన నిలువవు. అవి కరువవు, మందు చల్లినచో మాత్రము చచ్చును. కాన గట్టుమీద పురుగు కనబడెనని చేనికి తెచ్చిన మందును దానిపై చల్లవద్దని మీ యింటి పెద్దలతో చెప్పుడు. పురుగులను పెంచు విధానమును నేర్వగోరువారు దూరము పోనక్కరలేదు. మనకును నగరమునకును నడుమనున్న రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము గలదు. 1966 లో సస్యరక్షణ శిక్షణకై వెలసి నేడు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగ నున్న విద్యాలయమును అచ్చటనే గలదు. రైతులకు మేలుచేయు పురుగులను పెంచుట అచ్చట నేర్పుచున్నారు.

మీలో కొందరు మెక్సికోనుండి ఇంకొక పురుగును మనమే తెప్పించుకొనరాదా యని యడిగిరి. రాదు. విత్తనమైనను, మొక్కయైనను, సజీవమైన కీటకమైనను అనుమతిలేక దేశములోనికి తెచ్చుట నేరము. 1914 నాటి వినాశకర కీటకముల చట్టమును, 2003 నాటి మొక్కల దిగుమతి నిబంధనలును ఇందులకే యున్నవి. మన విమానాశ్రయమున దిగు సరకులలో మొక్కలను, విత్తనములను పరీక్షించు అధికారులు కలరు. మన తలలమీదుగా పోవు విమానములలో ఏ పెట్టెలో నే విత్తనము వచ్చుచున్నదో చూచుట వారి పని. జైగోగ్రామా రాజమార్గమున, పరీక్షకు నిలిచి, అనుమతితో వచ్చినది. వయ్యారిభామ నెవరును అడుగలేదు, పరీక్షింపలేదు. ఈ యొక్క భేదమే రెంటికిని నడుమ నున్నది.

ఈ సంవత్సరము ఆగస్టులో మైదానమును మరల శుభ్రపరచితిమి. తూర్పుగోడ వెంబడి పదిగజముల మేర మాత్రము పెరుకక విడిచితిమి. దానిని చూచి, మాస్టారు పని సగములో మానిరని తల్లిదండ్రులలో కొందరు నవ్విరి. వయ్యారిభామ పాఠశాల లోపల నుండరాదని, పసిపిల్లలు ఆడుకొనుచోటని ఒక తల్లి నాతో గట్టిగనే వాదించెను. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. కావున ఆ చోటు చుట్టును తాడు కట్టించి, చిన్న తరగతుల వారిని అటు పోనీయక, ప్రతిదినము పదవ తరగతివా రిద్దరు మొగ్గ తొడిగిన కొమ్మలను త్రుంచునట్లు ఏర్పాటు చేసితిమి. సెప్టెంబరు నెలాఖరునకు ఆ పదిగజములలో త్రుంచవలసిన మొగ్గలు అరుదయ్యెను. కాడలు మాత్రమే నిలిచెను. పురుగులు లెక్కకు మిక్కిలి. చిత్త కార్తెలో నవి నేలలోనికి దిగసాగెను. ఆ నేలను వచ్చు మృగశిర కార్తె దాటువరకు త్రవ్వరాదు, మన్ను తోలరాదు. మొదటి వాన పడిన తరువాత ఎన్నవ దినమున మొదటి పురుగు కనబడునో వ్రాసియుంచుటకు గోడకు పలక యొకటి తగిలించితిమి. గత సంవత్సరము నన్ను ప్రశ్నించిన బాలుడే ఆ లెక్కను వ్రాయును.